ముందు గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా

(చెన్నైలో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలున్నాయి. పిల్లలు కింద కూర్చున్నా ఫర్వాలేదు.

శని, ఆదివారాలు కలిసొస్తే మద్రాసు నుంచి ఎక్కడికి వెళ్ళొచ్చో చెప్పమని నన్ను అడిగారు. మహాబలిపురం మీకు తెలుసు. పాండిచ్చేరి తెలుసు. తిరుపతి సంగతి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి పది ఊళ్ళ పేర్లు చదవను. ఒక్క ఇంటి గురించి చెప్తాను. ఒక్క ఇల్లంటే ఒకటే కాదు, ఒక రకం ఇల్లు. చెట్టినాడు ఇల్లు.

చెట్టినాడు అనగానే మనకేం గుర్తొస్తుంది? కోడికూర. మిరియాలు దంచి వేసిన కోడికూర. అవునా, కాదా? ఆ పేరు పెట్టుకున్న హోటళ్ళు ఇక్కడ వీధికొకటి, మన విజయవాడలో ఉన్నాయి, హైదరాబాదులో ఉన్నాయి. కూర తిన్నాం. సరే. ఆ కూర వండిన వంటిల్లు ఎప్పుడైనా చూశామా? ఆ వంటిల్లు ఉన్న ఇల్లు చూశామా? ఇన్నేళ్ళుగా మద్రాసులో ఉంటున్నాం, ఒక రాత్రి రైలు దూరంలో ఉన్న ఊళ్ళు. చూడాలి కదా?

ఎక్కడున్నాయంటే, తిరుచ్చి దాటి, పుదుక్కోట్టై దాటి, కిందికి వెళ్తే శివగంగ జిల్లా వస్తుంది. పుదుక్కోట్టై, శివగంగ జిల్లాల్లో కలిపి 70 పైచిలుకు ఊళ్ళు. కారైక్కుడి, దేవకోట్టై, కానాడుకాత్తాన్, పళ్ళత్తూర్, ఆత్తంగుడి... ఇవి నాట్టుక్కోట్టై చెట్టియార్ల ఊళ్ళు. తమను తాము నగరత్తార్లని చెప్పుకుంటారు. వ్యాపారులు. వడ్డీ వ్యాపారం, ఉప్పు, ధాన్యం, ఆ తర్వాత సముద్రం దాటి సిలోను, బర్మా, మలయా, అంటే ఇప్పటి శ్రీలంక, మయన్మార్, మలేషియా. సంపాదించింది తెచ్చి సొంత ఊళ్ళో ఇల్లు కట్టారు. ఊరు చూస్తే మెట్ట నేల, ఎండ, ఎర్ర మట్టి. ఆ ఎర్ర మట్టిలో, ఆ తుమ్మ చెట్ల మధ్య, ఒక్కసారిగా ఒక వీధి పొడవునా రాజభవనాల్లాంటి ఇళ్ళు. మొదటిసారి చూసినవాళ్ళు ఎవరైనా సరే ఆగిపోతారు. నేను ఆగిపోయాను.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒకటే మాట, ముందే చెప్పేస్తాను. ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు ఫోటో దిగి, కారెక్కి వచ్చేయకండి. ముందు గుమ్మంలో అడుగుపెట్టి, పెరటి గుమ్మంలోంచి బయటికి రండి. మధ్యలో ఒక రాత్రి అక్కడ పడుకోండి. ఎందుకంటే, ఆ ఇల్లు ముందు భాగంలో చెప్పేది ఒకటి, వెనక భాగంలో చెప్పేది ఇంకొకటి. రెండూ వినాలి.

రండి, నడుద్దాం.

వీధిలో నిలబడ్డారు. ఇల్లు ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది, ఎక్కడ అయిపోయిందో కనపడదు. ముందు గుమ్మం ఒక వీధిలో ఉంటే పెరటి గుమ్మం అవతలి వీధిలో ఉంటుంది. వీధి నుంచి వీధికి ఒకే ఇల్లు. పైకి చూడండి. పిట్టగోడ మీద సున్నపు బొమ్మలుంటాయి. మధ్యలో గజలక్ష్మి, అటూ ఇటూ ఏనుగులు, ఇంకాస్త పక్కకి చూస్తే టోపీ పెట్టుకున్న తెల్లదొరల బొమ్మలు కూడా. అందరినీ ఒకే వరసలో నిలబెట్టారు. ఆ కాలంలో ఎవరి దయ కావాలో వాళ్ళందరూ ఉన్నారన్నమాట అక్కడ.

ఇల్లు నేలకు బాగా ఎత్తులో ఉంటుంది. మెట్లెక్కి వెళ్ళాలి. ఎందుకింత ఎత్తు? అక్కడి పెద్దలు చెప్పే కథ ఏమిటంటే, వాళ్ళ పూర్వీకులు కావేరి సముద్రంలో కలిసేచోట, పూంపుహార్‌లో ఉండేవారట. సముద్రం ముంచెత్తితే ఇంత లోపలికి, ఈ మెట్ట ప్రాంతానికి వచ్చేశారట. ఆ భయం పోక ఇంటి పునాది ఎత్తు పెంచారని చెబుతారు. ఆ కథ చెప్పకుండా మాత్రం ఏ ఇంట్లోనూ మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళరు.

మెట్లెక్కితే అరుగు. మన అరుగే. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు చూసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. మీకు ఈ ఇల్లు కొత్తగా అనిపించదు. అరుగు, పడసాల, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారా, వెనక వంటిల్లు, పెరడు. వరస అదే. కొలత వేరు. మన దగ్గర మండువా చుట్టూ నాలుగు స్తంభాలుంటే ఇక్కడ నలభై ఉండవచ్చు. మన దగ్గర ఒక మండువా అయితే ఇక్కడ ఒకదాని వెనక ఒకటి రెండు, మూడు.

అరుగు మీద కుర్చీలుండవు. దొర వచ్చినా, అప్పు కోసం రైతు వచ్చినా లావాదేవీ అంతా ఇక్కడే. గుమాస్తా ఇక్కడే కూర్చుని లెక్కలు రాసేవాడు. స్తంభం చూడండి. ఒక మనిషి చేతులు చాపి కౌగిలించుకుంటే అందీ అందని లావు. ఒకే దుంగ. నల్లగా, నున్నగా ఉంటుంది. ఏం చెక్క? బర్మా టేకు. మన ఇళ్ళలో కూడా తాతలనాటి తలుపు చూపించి "బర్మా టేకండీ" అని గర్వంగా చెప్పుకుంటాం కదా, అదే. ఈ స్తంభాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఇక తలుపు. ద్వారబంధం మీద చెక్కిన పని చూడటానికే అరగంట పడుతుంది. పిల్లల్ని అక్కడ నిలబెట్టి, ఎన్ని చిలకలున్నాయో లెక్కపెట్టమనండి.

లోపలికి వచ్చాక మీరు చేయవలసిన మొదటి పని ఒకటుంది. గోడ మీద అరచెయ్యి పెట్టండి. మే నెలైనా సరే, చల్లగా ఉంటుంది. నున్నగా ఉంటుంది, పాలరాయి అనుకుంటారు. పాలరాయి కాదు, సున్నం. ఇక్కడ సివిల్ ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ళకి తెలుసు. డంగు సున్నం, మన ఊళ్ళలో గానుగలో ఎద్దుల్ని కట్టి తిప్పి నూరేవారే, అది. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, తాటిబెల్లం. పొర మీద పొర వేసుకుంటూ వస్తారు. చివరి పొరకి, మెత్తగా నూరిన గవ్వ సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు. కలిపి, పూసి, నున్నటి రాయితో రుద్దుతారు. రుద్దుతూనే ఉంటారు. అలా రుద్ది రుద్ది వచ్చిన మెరుపు అది. వందేళ్ళయింది, రంగు వెయ్యలేదు. తడిబట్టతో తుడిస్తే చాలు. మనం మన ఫ్లాట్లకి ఎన్నేళ్ళకోసారి రంగులు వేయిస్తున్నాం? ఆలోచించండి.

ఆ గోడ పట్టిన మేస్త్రీ పేరు ఎక్కడా ఉండదు. ఇంటి యజమాని పేరు గుమ్మం మీద చెక్కి ఉంటుంది. మేస్త్రీ పేరు ఉండదు. కాబట్టి చెయ్యి పెట్టండి. ఆయనకి మనం పెట్టే నమస్కారం అదే.

తర్వాత నేల. ముందు హాల్లో ఇటలీ పాలరాయి ఉంటుంది, బెల్జియం అద్దాలుంటాయి, గోడల అంచున జపాన్ పలకలు, ఇంగ్లండు నుంచి వచ్చిన ఇనుప కమ్మీలు. అవన్నీ ఓడలో వచ్చినవి. డబ్బుంటే ఎవరైనా తెప్పించుకుంటారు. నాకు వాటికన్నా లోపలి వసారాల్లో ఉన్న పలకలంటే ఇష్టం. ఎర్రటి, పచ్చటి, నల్లటి పూల పలకలు. వాటిని ఆత్తంగుడి పలకలంటారు. పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఆత్తంగుడి అనే ఊళ్ళో చేతితో చేసినవి. ఇప్పటికీ చేస్తున్నారు.

ఆ పని చూడకుండా తిరిగి రావద్దు. నేను చూసింది చూసినట్టు చెప్తాను. పనివాడి ముందు ఒక గాజు పలక. మామూలు కిటికీ అద్దం. దాని చుట్టూ ఇనుప చట్రం బిగిస్తాడు. చట్రంలో పూల డిజైను అచ్చు పెడతాడు, గళ్ళు గళ్ళుగా ఉంటుంది. పక్కన డబ్బాల్లో రంగు కలిపిన పల్చటి సిమెంటు, దోశ పిండిలా జారుతూ. ఒక్కో గడిలో ఒక్కో రంగు గరిటెతో పోస్తాడు. పోసి, అచ్చుని నిటారుగా పైకి లేపేస్తాడు. చెయ్యి కొంచెం వణికిందా, రంగులు కలిసిపోతాయి. వణకదు. దాని మీద పొడి సిమెంటు, ఇసుక చల్లుతాడు, తడి పీల్చుకోవడానికి. ఆ పైన ఆ ఊరి ఇసుకతో కలిపిన ముద్ద వేసి తాపీతో చదును చేస్తాడు. అంతే. బట్టీ లేదు, కాల్చడం లేదు. ఆరబెట్టి, కొన్ని రోజులు నీళ్ళ తొట్టిలో నానబెడతారు. చివర్న గాజు పలక ఊడదీస్తే, ఆ గాజు నునుపంతా పలకకి వచ్చేసి ఉంటుంది. పాలిష్ అక్కర్లేదు. మనుషులు నడిచే కొద్దీ ఇంకా మెరుస్తుంది.

ఇంట్లో నేల వేయించుకునే పని ఎవరికైనా ఉందా ఇక్కడ? ఉంటే ఒక్క గదికైనా ఆ పలకలు తెప్పించుకోండి. అవి పరచడం వచ్చిన మనుషులు కూడా అక్కడివాళ్ళే ఉంటారు, వాళ్ళనే రప్పించుకోండి.

ఇప్పుడు మండువాలోకి వచ్చాం. వాళ్ళు వళవు అంటారు. నడుమ ఆకాశం. నాలుగు వైపుల నుంచి పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, కురిసిన చినుకు కురిసినట్టు మండువాలో పడాలి. పడిన నీళ్ళు కాగుల్లోకి, బావిలోకి, మిగిలినవి కాలవ ద్వారా ఊరి చెరువులోకి. మెట్ట ప్రాంతం కదా, నీటి విలువ తెలిసి కట్టారు.

మండువా చుట్టూ చూడండి. వరసగా చిన్న చిన్న గదులు. అంత పెద్ద ఇంట్లో ఇంత చిన్న గదులేమిటి అనిపిస్తుంది. పెళ్ళయిన ప్రతి కొడుక్కీ ఒక గది. నిద్రకి, సామాన్లకి అంతే. వాళ్ళ పద్ధతిలో విశేషం ఏమిటంటే, పెళ్ళయిన కొడుకు అదే కప్పు కింద ఉంటాడు గాని, పొయ్యి వేరు. ఏడాదికి సరిపడా బియ్యం, ఖర్చు డబ్బు తండ్రి లెక్కగట్టి ఇచ్చేస్తాడు. ఆ ఆలుమగలు దానితోనే గడుపుకోవాలి. గుడికి చందా వేసినా పెళ్ళయిన జంటను ఒక లెక్కగా వేస్తారు. ఉమ్మడి ఇల్లే, కాని విడి లెక్కలు. మన ఉమ్మడి కుటుంబాల్లో కుండలు పగిలేవి ఎక్కడ? లెక్క దగ్గరే కదా! ఈ పద్ధతి గురించి విన్నప్పుడు, వీళ్ళకి వ్యాపారం ఎలా అబ్బిందో నాకు అర్థమైంది. కొత్త కోడలు కూడా మొదటి రోజు నుంచీ పద్దు రాసుకోవలసిందే.

మరి ఆ కొడుకు ఎక్కడ? గదిలో లేడు. బర్మాలో ఉన్నాడు. ఒక్కసారి వెళ్తే మూడేళ్ళ దాకా రాడు. ఏజెంటుగా పంపిస్తే అది లెక్క, మూడేళ్ళు. మగవాళ్ళు రంగూన్‌లో మొగల్ వీధిలో కొట్టు తెరిచి వడ్డీ లెక్కలు వేస్తుంటే, ఇక్కడ ఈ మండువా చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఇంటిని నడిపింది ఆడవాళ్ళు. ఫోటోల్లో, గోడల మీద పటాల్లో ఎక్కువగా మగవాళ్ళే కనిపిస్తారు. మీరు వెళ్ళినప్పుడు వంటిల్లు, కొట్టుగది చూపించమని అడగండి. వాళ్ళ చరిత్ర అక్కడుంది.

బర్మా మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ కాస్త ఆగుతాను. ఇది మన కథ కూడా.

విశాఖపట్నం, శ్రీకాకుళం వైపువాళ్ళు ఎవరైనా ఉన్నారా? గోదావరి జిల్లాలవాళ్ళు? మీ ఇళ్ళలో "రంగం వెళ్ళాడు" అనే మాట వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. మా తాతగారి అన్నగారు అలాగే భీమునిపట్నం రేవులో ఓడెక్కారు, రంగూన్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మోశారు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి వేలూ లక్షలూగా మనవాళ్ళు వెళ్ళారు. రేవుల్లో కూలీలు మనవాళ్ళే, మిల్లుల్లో మనవాళ్ళే, రిక్షా లాగింది మనవాళ్ళే. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్తే, ఆ అప్పు తీరేదాకా అక్కడే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. 1852 తర్వాత ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చిన కింది బర్మా, ఐరావతి నది డెల్టా, అంతా అడవీ చిత్తడి నేల. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బియ్యానికి గిరాకీ పెరిగింది. అడవి కొట్టి పొలం చెయ్యాలంటే రైతుకి పెట్టుబడి కావాలి. ఇంగ్లీషు బ్యాంకులు రైతుకి అప్పివ్వవు. ఎవరిచ్చారు? చెట్టియార్లిచ్చారు. 1930 నాటి ప్రభుత్వ విచారణ కమిటీ అంచనా ప్రకారం బర్మాలో వాళ్ళ పెట్టుబడి 75 కోట్ల రూపాయలు. ఆనాటి 75 కోట్లు! ఆ పొలంలో పండిన ధాన్యాన్ని మిల్లులో ఆడించింది, ఓడకెత్తింది ఎవరు? మన తెలుగు కూలీలు. డబ్బు ఈ ఇళ్ళది, భుజం మన ఊళ్ళది, నేల బర్మా రైతుది.

1930లో ప్రపంచమంతా ధరలు పడిపోయాయి. బియ్యం ధర కుప్పకూలింది. అదే ఏడాది మే నెలలో రంగూన్ రేవులో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టారు. సమ్మె తేలాక మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు, బర్మా కూలీలని వెళ్ళిపొమ్మన్నారు. కొట్లాట అయింది, వీధులన్నీ పాకింది, వందల్లో చనిపోయారు, చాలామంది తెలుగువాళ్ళు. ఇటు అప్పు తీర్చలేని రైతుల పొలాలు చెట్టియార్ల చేతికి వచ్చాయి. 1930లో కింది బర్మా వరి పండే ముఖ్య జిల్లాల్లో 6 శాతం భూమి వాళ్ళది. 1938కి 25 శాతం. వాళ్ళకి పొలాలు అక్కర్లేదు, వాళ్ళు అడిగింది నగదు. కాని భూమి పోగొట్టుకున్న రైతుకి ఆ తేడా ఏం పట్టింది? వాడికి తన పొలం పోయిందంతే.

1942 మార్చిలో జపాన్ సేనలు రంగూన్‌లో దిగాయి. లక్షలమంది భారతీయులు కాలినడకన అడవుల్లోంచి, కొండల్లోంచి అస్సాం వైపు బయల్దేరారు. దారిలో ఎంతోమంది పోయారు. ఆ తర్వాత స్వతంత్ర బర్మా భూముల్ని జాతీయం చేసింది. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది, మరి రెండేళ్ళలో బ్యాంకులు, దుకాణాలు కూడా పోయాయి. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో ఓడెక్కి ఇక్కడ, మన మద్రాసు హార్బరులోనే దిగారు. బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ ఎందుకుందనుకున్నారు? అలా వచ్చినవాళ్ళ బతుకుతెరువు కోసం ఏర్పడింది. ఆ పక్క వీధుల్లో ఇప్పటికీ సాయంత్రం బళ్ళ మీద అత్తో అమ్ముతారు, బర్మా నూడుల్స్. తిన్నవాళ్ళుంటారు ఇక్కడ.

అందుకే ఆ స్తంభాన్ని గుర్తుపెట్టుకోమన్నాను. అది ఉత్త టేకు కాదు. ఐరావతిలో తేలుతూ రంగూన్ చేరిన దుంగ. దాని మీద చెట్టియారు తెలివి ఉంది, పొలం పోగొట్టుకున్న బర్మా రైతు ఉసురు ఉంది, రేవులో మన తాతల చెమట ఉంది. అందంగా లేదని అనను. చాలా అందంగా ఉంది. అన్నీ తెలిసి చూడమంటున్నాను. మనం పరాయి ఊరి పరాయి ఇంటికి అతిథులుగా వెళ్ళడం లేదు. మనకూ అందులో పద్దు ఉంది.

సరే, నడక ఆపేశాం. లోపలికి పదండి. ఇంటి రెండో భాగం, అంటే రెండో కట్టు, దాటితే భోజనాల వసారా, పొడవుగా. పెళ్ళికి వందలమంది పంక్తిలో కూర్చునేలా. షష్టిపూర్తి, పెళ్ళి, ఏ శుభకార్యమైనా ఎక్కడున్నా వచ్చి ఈ ఇంట్లోనే చేసుకోవడం వాళ్ళ ఆచారం. అందుకే అన్నేళ్ళు తాళం వేసి ఉన్న ఇళ్ళు కూడా ఒక్క పెళ్ళికి మళ్ళీ వెలుగుతాయి.

దాని వెనక మూడో కట్టు. వంటిల్లు. రుబ్బురోళ్ళు నేలలోనే పాతి వరసగా ఉంటాయి. ఊరగాయ జాడీలు మన నడుం ఎత్తున ఉంటాయి. ఇక్కడ తినాల్సింది కోడికూర ఒక్కటే కాదమ్మా. పొద్దున గుంత పణియారం, మన గుంత పొంగణాలే. వెల్ల పణియారం అని తెల్లగా, మెత్తగా ఇంకొకటి ఉంటుంది, దాన్ని మాత్రం వదలొద్దు. ఇంకొకటి కవుని అరిసి, నల్ల బియ్యం. వండితే ఊదారంగులోకి వస్తుంది, కొబ్బరి, పంచదార వేసి తీపిగా పెడతారు. ఆ బియ్యం బర్మా నుంచి వచ్చిందే. టేకు కప్పులోకి వెళ్తే, బియ్యం పొయ్యి మీదికి వెళ్ళింది.

ఇక్కడ పెరటి గుమ్మం. తీసి బయటికి వస్తే అవతలి వీధి.

ఆ వీధిలో ఏం కనిపిస్తుంది? పక్క ఇల్లు. తాళం. తాళం మీద తుప్పు. కప్పు మీద రావి మొక్క మొలిచి ఉంటుంది. ఎందుకలా? డబ్బు లేక మాత్రమే కాదు. ఒక తాత కట్టిన ఇంటికి ఈ రోజు వాటాదార్లు ఎంతమంది? ముప్ఫై, నలభై మంది. ఒకరు సింగపూర్‌లో, ఒకరు అమెరికాలో, ఒకరు మన పక్క వీధిలో. అందరూ సంతకం పెడితేగాని ఒక పెంకు మార్చలేరు. మన వైపు మండువా లోగిళ్ళు కూలిపోయింది కూడా ఇలాగే కదా! దాయాదులు ఒప్పుకోక కొన్ని, ఒప్పుకుని అమ్మేసి కొన్ని.

అమ్మేస్తే ఏమవుతుందో కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధికి వెళ్తే కనిపిస్తుంది. పాత సామాన్ల దుకాణాల వీధి అది. తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు, ఎనామెల్ గిన్నెలు, పింగాణీ జాడీలు, పటాలు. ఒక ఇల్లు ముక్కలు ముక్కలుగా ఫుట్‌పాత్ మీద ఆనించి ఉంటుంది. వెళ్ళండి, చూడండి. చిన్న గిన్నె, మరచెంబు కొనుక్కోండి, తప్పు లేదు. కాని, నా మనవి ఒకటి. దయచేసి స్తంభాలు కొనకండి. ద్వారబంధాలు కొనకండి. మన హాల్లో అందంగా ఉంటుందని మనం ఒక స్తంభానికి మంచి ధర ఇస్తే, అక్కడ ఇంకో ఇల్లు పడగొట్టడానికి మనమే కూలి ఇచ్చినట్టు. ఆ డబ్బుతో అక్కడ రెండు రాత్రులు ఉండండి. ఇల్లు నిలబడుతుంది.

నిలబెట్టుకుంటున్నవాళ్ళు ఉన్నారు. కారైక్కుడిలో 'ద బంగళా' అనే బస, కానాడుకాత్తాన్‌లో విశాలం, చెట్టినాడు మాన్షన్, తిరుమయం దగ్గర కడియాపట్టిలో చిదంబర విలాస్, కొత్తమంగళంలో శారదా విలాస్. పాత ఇళ్ళనే బాగుచేసి అతిథులకి ఇస్తున్నారు. విశాలం అయితే ఒక తండ్రి కూతురి కోసం కట్టించిన ఇల్లు. ఆస్తంతా కొడుకులకే అనుకునే రోజుల్లో కూతురి పేరున అంత ఇల్లు! నాకు ఆ ఇంటి మీద ప్రత్యేకమైన ప్రేమ. ఇవి ఖరీదైన బసలే, దాచను. అందరికీ కుదరకపోవచ్చు. కారైక్కుడిలో మామూలు లాడ్జిలు చాలా ఉన్నాయి, అక్కడ దిగి ఇళ్ళు చూసి రావచ్చు. ఒక్క రాత్రి మాత్రం వీలైతే మండువా ఉన్న ఇంట్లో పడుకోండి.

కానాడుకాత్తాన్‌లో పెద్ద ప్యాలెస్ ఉంది, రాజా సర్ అణ్ణామలై చెట్టియారుగారిది. 1929లో అణ్ణామలై విశ్వవిద్యాలయం స్థాపించినది ఆయనే. తమిళ ఇసై, అంటే తమిళ సంగీత ఉద్యమానికి వెన్నుదన్నుగా నిలబడింది కూడా ఆయనే. కచేరీల్లో అన్నీ తెలుగు కీర్తనలే పాడుతున్నారు, తమిళ పాటకి చోటేదీ అని 1943లో తమిళ ఇసై సంఘం పెట్టారు. మనకి త్యాగరాజు ఎంతో, వాళ్ళ పాట వాళ్ళకంత. సొంత భాష పాట వినాలనుకోవడంలో తప్పేముంది? మద్రాసులో ఉండి తెలుగు సభలు పెట్టుకుంటున్న మనకి ఆ బాధ ఇంకా బాగా అర్థం కావాలి. ఆ ప్యాలెస్ ఇప్పటికీ ఆ కుటుంబం ఇల్లు. లోపలికి వెళ్ళనిస్తారనే లెక్కతో వెళ్ళకండి, బయట నుంచి చూడండి. లోపల చూడాలంటే ఆత్తంగుడి ప్యాలెస్ ఉంది, టికెట్ తీసుకుని వెళ్ళవచ్చు. అక్కడ తల ఎత్తండి. చెక్క కప్పంతా రంగుల పని.

కారైక్కుడి గురించి మన సినిమావాళ్ళకి ఒక మాట. ఏవీఎం స్టూడియో మొదట పుట్టింది కోడంబాక్కంలో కాదు. 1940ల్లో కారైక్కుడిలో. తర్వాత ఇక్కడికి తెచ్చారు. మనం చూసిన ఎన్ని తెలుగు సినిమాలు ఆ స్టూడియోలో తయారయ్యాయో మీకు తెలుసు.

వెళ్ళడం ఎలా? రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైమాటే. ఎగ్మూరు నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి కారైక్కుడి. లేదా రామేశ్వరం వెళ్ళే రాత్రి బళ్ళున్నాయి, శుక్రవారం ఎక్కితే శనివారం తెల్లారేలోపే దిగొచ్చు, ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తెరిచిన రోజే చేసుకోండి, శుక్రవారం బళ్ళు త్వరగా నిండిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళండి, ఏప్రిల్, మే వద్దు. శనివారం పొద్దున కానాడుకాత్తాన్ నడక, మధ్యాహ్నం భోజనం చేసి విశ్రాంతి, సాయంత్రం ఆత్తంగుడి. పలకల పని చూడాలంటే మాత్రం ఎండ ఉండగానే వెళ్ళాలి. ఆదివారం పొద్దున పిళ్ళైయార్‌పట్టి వినాయకుడు, కొండ తొలిచిన గుడి, నగరత్తార్ల తొమ్మిది గుళ్ళలో ఒకటి. వచ్చే దారిలో తిరుమయం కోట.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు గడపల దగ్గర జాగ్రత్త, ఎత్తుగా ఉంటాయి. అడగకుండా మేడ మీదికి ఎక్కకండి, కొన్ని ఇళ్ళలో పై అంతస్తు చెక్క పుచ్చిపోయి ఉంటుంది. చెప్పులు బయట విడవండి. కాపలా ఉండే పెద్దాయనతో రెండు మాటలు మాట్లాడండి, మనకి తమిళం వచ్చు కదా! ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాళ్ళుంటారు. ఏ గదిలో ఎవరి పెళ్ళి అయిందో, ఏ స్తంభం దగ్గర ఎవరు కూర్చునేవారో వాళ్ళు చెప్తారు. చేతిలో కొంచెం డబ్బు పెట్టి రండి. ఊళ్ళో తాటాకు బుట్టలు అల్లుతారు, కండాంగి చీరలు నేస్తారు, గళ్ళవి, ముదురు రంగులవి. అవి కొనండి. స్తంభాలు వద్దు. మళ్ళీ చెప్తున్నాను, స్తంభాలు వద్దు.

ఈ ఊళ్ళని ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో 2014లోనే చేర్చారు. అసలు జాబితాలోకి ఇంకా ఎక్కలేదు. ఎక్కేదాకా ఆగాలా మనం? ఇళ్ళు ఆగవు. ప్రతి వానాకాలానికీ ఒక కప్పు కుంగుతోంది.

రంగం వెళ్ళిన తాతలు, ముత్తాతలు ఉన్న కుటుంబాలవాళ్ళు ఇవాళ వెళ్ళేముందు నాతో మాట్లాడండి. పేర్లు, ఏ రేవు నుంచి ఓడెక్కారు, ఉత్తరాలు ఏవైనా ఉన్నాయా, అవన్నీ రాసిపెట్టుకుంటున్నాను. సరే, ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.